తడిసిన ల్యాప్‌టాపు: తొందరపడి మీట నొక్కరాదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల మెట్టరైతునకు బోరుబావి మోటారును గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. గాలివానకు స్టార్టరు పెట్టెలో నీరు చొరబడినచో అతడు మొట్టమొదట మెయిను స్విచ్చిని దించును. పెట్టె పూర్తిగా ఆరువరకు పచ్చమీట జోలికి పోడు. తొందరపడినచో మోటారు కాలిపోవుననియు, రీవైండింగునకు వేలకు వేలు పోయవలసి వచ్చుననియు అతడు అనుభవమువలన ఎరుగును. అయితే అదే ఇంటిలో బిడ్డ చదువుకొను ల్యాప్‌టాపుపై గ్లాసెడు టీ ఒలికినపుడు ఈ తెలివి ఎవరికిని గుర్తునకు రాదు. పైపైన గుడ్డతో తుడిచి, పని చేయుచున్నదో లేదో చూతమని వెంటనే మీట నొక్కుదురు. ఒలికిన ద్రవము చేయు చెరుపును ఈ తొందరపాటు ఎన్నో రెట్లు పెంచును. ఈ సంగతిని గ్రామస్థులకు విశదపరచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కంప్యూటరు మన పల్లెలకు క్రొత్త వస్తువు కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థయు, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలసి కుప్పము నియోజకవర్గమున ‘ఐ-కమ్యూనిటీ’ అను పథకమును ఆరంభించినవి. దాని క్రింద గ్రామములలో సమాచార కేంద్రములు వెలసినవి. స్వయం సహాయక సంఘములకు చెందిన మహిళలు కొందరు డిజిటల్ కెమెరాలు, ప్రింటర్లు చేపట్టి, ఊరూర ఫొటోలు తీసి ఆదాయము గడించిరి. అంతకు ముందే 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయమును, 1998లో మదనపల్లె సమీపమున అంగళ్లు గ్రామమునొద్ద ఒక సాంకేతిక విద్యాసంస్థయు నెలకొన్నవి. 2019 అక్టోబరు 2వ తేదీన రాష్ట్రమున గ్రామ సచివాలయముల వ్యవస్థ ప్రారంభమై, గ్రామ కార్యాలయములలో కంప్యూటరు పని పెరిగినది. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లు పంచిపెట్టిరి. కుప్పమునకు సరిహద్దుననున్న తమిళనాడులోనైతే 2011లోనే ప్రభుత్వ పాఠశాలల ప్లస్ టూ విద్యార్థులకు ల్యాప్‌టాపుల పంపిణీ మొదలైనది.

అయినను పల్లెటూరి కుటుంబమునకు ల్యాప్‌టాపు నేటికిని ఖరీదైన వస్తువే. ఒక కాపు టమోటాకు మంచి ధర పలికినపుడో, పాడిపశువును అమ్మినపుడో, బ్యాంకులో విద్యాఋణము దొరకినపుడో దానిని కొందురు. అందులో విద్యార్థి నాలుగేండ్ల వ్రాతలు, ప్రాజెక్టు నివేదిక, ఉద్యోగపు దరఖాస్తులు, ధ్రువపత్రముల నకళ్ళు ఉండును. యంత్రము పోయినచో మరల ఎట్లో కొనవచ్చును. కాని నివేదిక సమర్పింపవలసిన వారమున అది పోయినచో విద్యార్థి ఒక ఏడాది చదువునే నష్టపోవచ్చును. కావున ద్రవము ఒలికిన మొదటి నిమిషమున ఏమి చేయవలెనో ఇంటిలోని ప్రతివారును తెలిసికొనియుండుట మంచిది.

ద్రవము లోపల చేయు పని

కీబోర్డు మీటల క్రింద చిన్న చిన్న రబ్బరు బుడిపెలును, వాని క్రింద పలుచని ప్లాస్టిక్ పొరలును ఉండును. ఆ పొరలపై విద్యుత్తు పారు సన్నని గీతలు అడ్డముగను, నిలువుగను ముద్రింపబడి యుండును. మీటను నొక్కినపుడు ఒక అడ్డగీత ఒక నిలువుగీతతో కలియును. ఏ గీత ఏ గీతతో కలిసినదో చూచి, మనము ఏ అక్షరమును నొక్కితిమో యంత్రము గుర్తించును. ఆ పొరల నడుమ టీ చేరినచో మనము నొక్కకయే గీతలు కలిసిపోవును. ఒక అక్షరము నొక్కిన నాలుగు పడుటకును, యంత్రము తనంతట తానే వెలుగుటకును, ఆరుటకును ఇదియే కారణము. అయితే ఇది చిన్న నష్టము. కీబోర్డును మార్చుకొన్నచో తీరిపోవును.

ద్రవము కీబోర్డు రంధ్రములగుండ మరింత క్రిందికి దిగి, యంత్రమునకు గుండెకాయ వంటి మదర్‌బోర్డును చేరుట పెద్ద నష్టము. ఆ బోర్డుమీద ప్రక్కప్రక్కనున్న గీతల నడుమ పెక్కుచోట్ల మిల్లీమీటరులో సుమారు పదవవంతు ఎడము మాత్రమే యుండును. ఒక్క బొట్టు పడిన చాలు, ఎన్నో గీతలు ఒక్కసారిగా కలిసిపోవును.

నీరే యంత్రమునకు శత్రువని పలువురు తలంతురు. ఇది పూర్తిగా నిజము కాదు. మిక్కిలి స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు బహు స్వల్పముగా పారును. మనము వాడు బోరునీటిలోనైతే నేలలోని లవణములు కరగి యుండును. టీలో పాలు, చక్కెర ఉండును. మజ్జిగలో ఉప్పును, పులుపును ఉండును. వీనివలన ద్రవము విద్యుత్తునకు దారి యిచ్చును. తడిసిన బోర్డులో విద్యుత్తు పారుచున్నచో అక్కడి రాగియు, తగరమును కొద్దికొద్దిగా కరగి, ఒక గీతనుండి ప్రక్కగీతవైపునకు కదలును. కొన్ని చోట్ల ఆ లోహము చెట్టుకొమ్మలవలె సన్నని పోగులుగా పెరిగి రెండు గీతలను కలిపివేయును. మరికొన్ని చోట్ల గీతయే తెగిపోయి పచ్చని చిలుము, తెల్లని పొక్కు మిగులును. విద్యుత్తును ఆపివేసినచో ఈ చెరుపు చాలవరకు మందగించును. ఆరకముందే మరల విద్యుత్తు నిచ్చినచో అది వేగము పుంజుకొనును. అందుచేత తుడుచుటకంటె ముందు విద్యుత్తును ఆపవలెను.

మొదటి నిమిషమున చేయవలసినవి

ఒకటవది. చార్జరు గోడకు తగిలించి యున్నచో మొదట గోడపైనున్న స్విచ్చిని ఆపవలెను. గోడ ప్లగ్గులో 230 వోల్టుల విద్యుత్తు ఉండును. చార్జరు పెట్టెగాని, ప్లగ్గుగాని తడిసినచో స్విచ్చిని ఆపకుండ వానిని ముట్టరాదు. తడిచేతులతోను, తడినేలపై నిలిచియు ముట్టరాదు. స్విచ్చియే తడిసినచో ఇంటి మెయిను స్విచ్చిని దించవలెను. యంత్రముకంటె మనిషి ముఖ్యమని వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవది. ల్యాప్‌టాపు పవరుమీటను పది సెకండ్లపాటు విడువకుండ నొక్కి పట్టుకొనవలెను. తెర పూర్తిగా చీకటియగును. ‘వ్రాసినది సేవ్ చేయలేదే’ అని తటపటాయింపరాదు. సేవ్ చేయని అరపేజీని మరల వ్రాసికొనవచ్చును. దానికొరకు ఆగిన ఆ కొద్దిసేపటిలో ఏండ్ల తరబడి వ్రాసినదంతయు పోవచ్చును.

మూడవది. చార్జరు తీగ, పెన్‌డ్రైవు, మౌసు మున్నగు తగిలించిన వస్తువులనన్నిటిని తీసివేయవలెను. పాతరకపు ల్యాప్‌టాపులలో అడుగున గొళ్ళెము జరిపిన బ్యాటరీ ఊడివచ్చును. అట్టిదైనచో వెంటనే తీసివేయవలెను. ఇటీవలి యంత్రములలో బ్యాటరీ లోపల మరలతో బిగింపబడి యుండును. పవరుమీటతో ఆపినను అట్టి యంత్రమున కొన్ని భాగములకు బ్యాటరీ విద్యుత్తు అందుచునే యుండును. కావున వానిని తెరువగల వారివద్దకు త్వరగా చేర్చుట అవసరము.

నాలుగవది. పైనున్న తడిని పొడి నూలుగుడ్డతో అద్దవలెనేగాని రుద్దరాదు. రుద్దినచో ద్రవము మీటల సందులలోనికి పోవును. పిమ్మట ల్యాప్‌టాపును తెరచియున్నట్లే, చదువుచున్న పుస్తకమును బోర్లించినట్లు, ఒక తువ్వాలుపై గుడారమువలె నిలుపవలెను. తెర, కీబోర్డు కలియు అతుకు పైకి ఉండవలెను. అపుడు ద్రవము వచ్చిన దారినే వెనుకకు జారును. యంత్రమును విదిలించుట, అటునిటు ఊపుట కూడదు. ఊపినచో తడి లేనిచోటికి కూడ తడి ప్రాకును.

అయిదవది. ఏమి ఒలికినది, ఎంత ఒలికినది, ఎన్ని గంటలకు ఒలికినది అను మూడు విషయములను ఒక కాగితముపై వ్రాసికొనవలెను. మరమ్మతుదారునకు ఈ మూడును ఎంతో ఉపకరించును.

ఎండ, పొయ్యి, బియ్యము

తడిసిన వస్తువును చూచినంతనే ఇంటిలోని పెద్దలకు తోచునది ఎండ. “ఎండలో పెట్టు పాపా, గడియలో ఆరిపోతాది” అని అవ్వ ప్రేమతో చెప్పును. వడియములకు, మిరపకాయలకు ఆ మాట సరియైనదే. ల్యాప్‌టాపునకు మాత్రము ఎండ పనికిరాదు. వేసవిలో ఎండన ఉంచిన లోహపు వస్తువు చేయి పట్టలేనంతగా వేడెక్కుట అందరము ఎరిగినదే. ల్యాప్‌టాపులోని లిథియం బ్యాటరీ అట్టి వేడికి చెడును, ఉబ్బును, ఒక్కొక్కపుడు మండును. తెర పొరలు దెబ్బతినును. పైగా టీలోని చక్కెర ఎండవేడికి బోర్డుపైననే పాకమువలె గట్టిపడును. పొయ్యి ప్రక్కన ఉంచుట, ఇస్త్రీపెట్టెతో కాచుట, జుట్టు ఆరబెట్టు యంత్రముతో వేడిగాలి కొట్టుట కూడ ఈ కోవలోనివే.

తడిసిన ఫోనును బియ్యపు డబ్బాలో దాచుట మరియొక వాడుక. బియ్యము లోపలి తడిని లాగివేయదు. దాని పొడియు, నూకలును యంత్రపు సందులలో చేరి క్రొత్త బాధను తెచ్చును. తడిసిన ఫోనులను బియ్యపు సంచిలో ఉంచవలదని 2024లో ఆపిల్ సంస్థ తన కొనుగోలుదారులకు స్పష్టముగా తెలిపినది. ఫోనుకంటె సందులెక్కువగా గల ల్యాప్‌టాపునకు ఆ సలహా మరింతగా వర్తించును.

నీడపట్టున, గాలి ఆడు గదిలో, మామూలు విద్యుత్ పంకా గాలి తగులునట్లు ఉంచుట మేలు. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తుననున్న మదనపల్లెలో వేసవిగాలి పొడిగా ఉండుటచేత తడి తొందరగా ఆరును. అక్టోబరు, నవంబరు నెలల ముసురులో మాత్రము ఆలస్యమగును. మంచినీరు కొద్దిగా ఒలికినపుడైనను కనీసము రెండు పగళ్ళు, రెండు రాత్రులు యంత్రమును వెలిగింపరాదు, చార్జరు తగిలింపరాదు. ఆ రెండు దినములు ఓపిక పట్టుటయే ఇందలి కష్టమైన పని.

ఏది ఒలికినదో చూడవలెను

ఒలికినది మంచినీరైనచో ఆరిన పిదప మిగులు మలినము కొద్దిగా ఉండును. టీ, కాఫీ, పాలు, మజ్జిగ, అంబలి, చెరకురసము, కొబ్బరినీరు, సోడా పానీయములు అట్టివి కావు. వానిలోని నీరు ఆవిరియైపోయినను చక్కెర, గంజి, ఉప్పు, పులుపు లోపలనే నిలుచును. చక్కెరజిడ్డు మీటలను కదలనీయదు. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి మరల తడియగును. పులుపు లోహమును తినివేయును. అందుచేత ఇట్టివి ఒలికినపుడు ఆరబెట్టుటతో సరిపెట్టుకొనరాదు. యంత్రమును విప్పించి లోపల శుభ్రము చేయింపవలెను.

మరునాడు ల్యాప్‌టాపు చక్కగా వెలిగినదని నిశ్చింతగా ఉండుట చాలమంది చేయు పొరపాటు. మదనపల్లె మార్కెట్టుకు టమోటా తెచ్చు రైతు పెట్టెలో కుళ్ళిన కాయ ఒక్కటి కనబడినను ఏరి పారవేయును. దాని రసము తగిలి మిగిలిన కాయలు చెడునని అతనికి తెలియును. బోర్డుపై మిగిలిన మజ్జిగ మరకయు అట్టిదే. అది చోటు వీడక మెల్లమెల్లగా చుట్టునున్న లోహమును తినుచుండును. రెండు మూడు వారములు బాగుగ పని చేసిన యంత్రము ఒకనాడు హఠాత్తుగా ఆగిపోవును. అప్పటికి టీ ఒలికిన సంగతియే ఇంటివారు మరచియుందురు.

మరమ్మతుదారు వద్ద

కొనిన నాటి హామీగడువు ఇంకను మిగిలియున్నచో బయటివారిచేత విప్పింపక, ముందుగా ఆ కంపెనీ సేవాకేంద్రమును సంప్రదింపవలెను. సాధారణపు హామీ ద్రవము వలని నష్టమునకు ప్రాయికముగా వర్తింపదు. ప్రమాదములకై ప్రత్యేకముగా రుసుము చెల్లించి తీసికొనిన రక్షణ ఉన్నచో వర్తింపవచ్చును. కొనునపుడిచ్చిన కాగితములను చూచుకొనవలెను. కొన్ని యంత్రములలో తడి తగిలిన రంగు మారు చిన్న చీటీలు లోపల అంటించియుండును. కావున ఒలికిన మాటను దాచి ప్రయోజనము లేదు. వైద్యునివద్ద రోగమును దాచినచో మందు కుదరనట్లే, ఇక్కడను నిజము చెప్పిననే పని సవ్యముగా జరుగును.

పల్లెనుండి పట్టణమునకు తీసికొనిపోవునపుడు యంత్రమును వెలిగింపక, పొడి గుడ్డలో చుట్టి తీసికొనిపోవలెను. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టినచో చెమ్మ లోపలనే నిలిచిపోవును.

నేర్పుగల మరమ్మతుదారు మొదట బ్యాటరీ తీగను విడదీయును. పిమ్మట బోర్డును వెలుపలికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అను ద్రవముతో మెత్తని కుంచెతో కడుగును. నూటికి తొంబది పాళ్ళకు తక్కువ కాని చిక్కనిరకము దీనికి తగినది. అది తడిని తనతో కలుపుకొని త్వరగా ఆవిరియగును, వెనుక మరక మిగులదు. చేతులకు రాచుకొను శానిటైజరులో జిగురును, గ్లిసరిన్ వంటి పదార్థములును కలిసియుండును గనుక అది ఈ పనికి పనికిరాదు. కిరోసిను, పెట్రోలు వాడుట అపాయకరము. ఇంటిలో స్క్రూడ్రైవరు ఉన్నదని తెలియనివారు విప్పబూనుట కూడ మంచిది కాదు. లోపలి బ్యాటరీకి మొన గ్రుచ్చుకొన్నచో నిప్పు పుట్టవచ్చును.

మరమ్మతు మొదలిడుటకు ముందే “మాకు లోపలి సమాచారము ముఖ్యము, దానిని చెరుపవలదు” అని స్పష్టముగా చెప్పవలెను. బోర్డు చెడినను, సమాచారము నిలువచేయు డిస్కు పెక్కుసార్లు చెడక మిగులును. దానిని ఊడదీసి వేరొక కంప్యూటరునకు తగిలించి వ్రాతలను తీసికొనవచ్చును. కొన్ని పలుచని యంత్రములలో మాత్రము అది బోర్డుకే అతుకబడి యుండును. అట్టివానిలో బోర్డును బ్రతికించుకొనుటయే మార్గము.

మరల వెలిగించునపుడు

యంత్రము మరల వెలిగినచో మొట్టమొదటి పని ముఖ్యమైన వ్రాతలను పెన్‌డ్రైవునకు నకలు తీసికొనుట. ఆటలు, సినిమాలు ఆ తరువాత. మొదటి కొన్ని దినములు చార్జరు తగిలించి నిద్రపోరాదు. అడుగుభాగము ఉబ్బినను, మీటలపలక పైకి లేచినను, అలవాటు లేని వేడిగాని, ఘాటైన వాసనగాని, బుసబుస శబ్దముగాని వచ్చినను వెంటనే వాడుక మానవలెను. తాకుటకు వీలుగానున్నచో ఆరుబయట ఇసుకమీదనో మట్టినేలమీదనో, గడ్డివాములకు, పశువులకు దూరముగా ఉంచవలెను. పొగ వచ్చుచున్నచో దగ్గరకు పోక, పిల్లలను తప్పించి, అగ్నిమాపక దళమునకు 101 సంఖ్యకు ఫోను చేయవలెను. ఉబ్బిన బ్యాటరీని పొడుచుట, నొక్కుట, చెత్తకుప్పలో వేయుట ప్రమాదకరము.

ముందుజాగ్రత్త

యంత్రములను తయారుచేయువారును ఈ అపాయమును గుర్తింపకపోలేదు. బీదదేశముల పిల్లలకొరకు అమెరికాలో రూపొందించిన ‘పిల్లవానికొక ల్యాప్‌టాపు’ అను పథకపు యంత్రములకు ధూళియు, తడియు చొరకుండ ఒకే రబ్బరుపొరతో మూసిన కీబోర్డును అమర్చిరి. 2007లో మహారాష్ట్రలోని ఖైరత్ అను చిన్న గ్రామపు పాఠశాలలో వానిని పరీక్షార్థము పిల్లలకిచ్చిరి. నేడు అమ్ముడగు కొన్ని రకములలో ఒలికిన ద్రవము అడుగునకు జారిపోవుటకు కాలువలు ఉండును. అవి కొద్దిపాటి ద్రవమును మాత్రమే తట్టుకొనును. అట్టి యంత్రమైనను పైన చెప్పిన జాగ్రత్తలు తప్పవు.

మన ఇండ్లలో ఖర్చులేని జాగ్రత్తలు కొన్ని కలవు. టీ గ్లాసును, చెంబును ల్యాప్‌టాపు ఉన్న బల్లమీద ఉంచక, వేరొక ముక్కాలిపీటపై, యంత్రముకంటె పల్లమున ఉంచవలెను. త్రాగునీటికి మూతగల సీసా వాడవలెను. వాన కారు మిద్దె క్రిందను, కిటికీ ప్రక్కను యంత్రమును విడువరాదు. మీటలపై కప్పు పలుచని సిలికాన్ తొడుగు స్వల్పధరకు దొరకును. గ్రామ కార్యాలయములలోను, పాఠశాలలలోను కంప్యూటరు బల్లపై టీ కప్పు నుంచరాదను నియమము పెట్టుకొన్నచో ప్రజల సొమ్ము మిగులును.

అన్నిటికంటె ముఖ్యమైనది నకలు. రైతు విత్తనమునంతయు ఒకే గాదెలో పోయడు. విద్యార్థియు తన వ్రాతలను ల్యాప్‌టాపునందు ఒకటి, పెన్‌డ్రైవునందు ఒకటి, ఇంటర్నెట్ నిలువలో ఒకటిగా మూడుచోట్ల ఉంచుకొనవలెను. వారమున కొకదినమును దీనికై కేటాయించినచో పది నిమిషములలో పని ముగియును. అట్లు చేసినవారి ఇంట ల్యాప్‌టాపు తడిసినను, నష్టపోవునది యంత్రమే గాని చదువు కాదు.

ఉపాధ్యాయులును, గ్రంథాలయముల నిర్వాహకులును, మహిళాసంఘముల వారును ఈ నాలుగు మాటలను పెద్ద అక్షరములతో వ్రాయించి కంప్యూటరు ఉన్న గదిలో గోడకు అంటింపగోరుచున్నాము: గోడ స్విచ్చిని ఆపుము. పవరుమీటను పది సెకండ్లు పట్టి యంత్రమును ఆర్పుము. తెరచి బోర్లింపుము. రెండు దినములవరకు వెలిగింపకుము.